రియాక్టర్ ఒక్కటే లేదు

అర మీటరు పొడవు, పదహారు కిలోల పైచిలుకు బరువు. బొటనవేలి మందాన ఉండే పందొమ్మిది లోహపు గొట్టాలను గుండ్రంగా పేర్చి, రెండు కొసల్లో పలుచని పలకలతో బిగించిన కట్ట అది. హైదరాబాద్‌లో మౌలాలి దగ్గరున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యే ఈ కట్టను అక్కడివాళ్లు బండిల్ అంటారు. చేతికి తొడుగు వేసుకుని ఎవరైనా దాన్ని ఎత్తి పక్కన పెట్టవచ్చు. రియాక్టర్‌లోకి వెళ్లకముందు సహజ యురేనియం నుంచి వెలువడే రేడియేషన్ అంత తక్కువ. అదే బండిల్ ఏడాదికి పైగా రియాక్టర్‌లో ఉండి బయటికి వచ్చాక, అడ్డుగోడ లేకుండా దాని పక్కన కొద్ది నిమిషాలు నిలబడితే మనిషి బతకడు.

ఈ బండిళ్లు హైదరాబాద్ నుంచి కర్ణాటకలోని కైగాకు, గుజరాత్‌లోని కాక్రాపార్‌కు, ఉత్తరప్రదేశ్‌లోని నరోరాకు, తమిళనాడులోని కల్పాక్కానికి, రాజస్థాన్‌లోని రావత్‌భాటాకు వెళ్తాయి. తెలుగు నేల మీద మాత్రం కరెంటు తీసే అణు రియాక్టర్ ఇంతవరకు ఒక్కటీ లేదు. అయినా దేశపు అణువిద్యుత్తు చరిత్రలో మన ఊళ్లు తగలని అధ్యాయం దొరకడం కష్టం. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నారు. గోదావరి ఒడ్డున అశ్వాపురంలో భారజలం తీస్తున్నారు. మౌలాలిలో ఇంధనం తయారవుతుంది. పక్కనే ఈసీఐఎల్‌లో రియాక్టర్‌ను నడిపే ఎలక్ట్రానిక్ వ్యవస్థలు రూపుదిద్దుకున్నాయి. అణువిద్యుత్తు మేలా కీడా అన్న చర్చ ఎప్పుడు వచ్చినా అది రియాక్టర్ గుమ్మటం దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. ఆ గుమ్మటానికి ముందున్న ఈ నాలుగు చోట్ల చరిత్ర కూడా కలిపి చూస్తేనే, మేలు ఎవరికి అందిందో, బరువు ఎవరి మీద పడిందో తెలుస్తుంది.

ఈ కథలో తొలి తెలుగు పేరు ఒక సన్యాసిది. భీమవరం పరిసరాల్లోని గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు ఇల్లు వదిలి హిమాలయాలకు వెళ్లి స్వామి జ్ఞానానంద అయ్యారు. యోగం గురించి చెప్పడానికి ఐరోపా వెళ్లినవారు అక్కడ భౌతికశాస్త్రం వైపు మళ్లారు. ప్రాగ్‌లో డాక్టరేట్ తీసుకున్నారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో జేమ్స్ చాడ్విక్ దగ్గర పనిచేశారు. 1932లో న్యూట్రాన్‌ను కనిపెట్టింది ఆ చాడ్విక్కే. దేశానికి తిరిగొచ్చిన స్వామి 1950ల్లో విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. అక్కడి ప్రయోగశాలలు ఈనాటికీ ఆయన పేరుతోనే ఉన్నాయి. కాషాయం కట్టుకుని రేడియేషన్ కొలిచే పరికరాల మధ్య తిరిగిన ఆ మనిషి గురించి మన పాఠ్యపుస్తకాలు ఇంకా చాలా చెప్పాలి.

చాడ్విక్ కనిపెట్టిన న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు. కాబట్టి పరమాణు కేంద్రకం దాన్ని దూరం నెట్టలేదు. నేరుగా లోపలికి చొరబడుతుంది. 1938 చివరలో బెర్లిన్‌లో ఓటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియం మీదికి న్యూట్రాన్లు పంపి చూస్తే బేరియం కనిపించింది. అంత బరువైన మూలకం నుంచి దాదాపు సగం బరువున్న మూలకం ఎలా వచ్చింది? కేంద్రకం రెండుగా చీలిందని లీజ్ మైట్నర్, ఓటో ఫ్రిష్ వివరించారు. చీలినప్పుడు రెండు ముక్కలూ విపరీతమైన వేగంతో విడిపోతాయి, వాటితోపాటు రెండు మూడు కొత్త న్యూట్రాన్లు బయటపడతాయి. ఆ ముక్కలు చుట్టుపక్కల పరమాణువులను ఢీకొని ఆగడంలో పుట్టేదే వేడి. కొత్త న్యూట్రాన్లలో ఒక్కటి మరో కేంద్రకాన్ని చీల్చినా చాలు, ఆ వరస ఆగకుండా సాగుతుంది. ఆ వేడితో నీళ్లు కాచి, ఆవిరితో టర్బైన్ తిప్పితే కరెంటు. టర్బైన్ దగ్గరి నుంచి అణు కేంద్రానికీ కొత్తగూడెం బొగ్గు కేంద్రానికీ పని తీరులో పెద్ద తేడా లేదు.

చిక్కు యురేనియంలోనే ఉంది. సులువుగా చీలేది యురేనియం-235 మాత్రమే. నేలలోంచి తీసిన యురేనియంలో అది నూటికి 0.7 వంతు, మిగతాదంతా యురేనియం-238. పైగా చీలికలో పుట్టే న్యూట్రాన్లు చాలా వేగంగా పోతుంటాయి, ఆ వేగంలో అవి మరో కేంద్రకాన్ని చీల్చే అవకాశం తక్కువ. వాటిని నెమ్మదింపజేయాలి. క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్ గోడకు తగిలితే దాదాపు అదే వేగంతో వెనక్కి వస్తుంది. తనకు దగ్గరి బరువున్న కాయకు తగిలితే ఆ కాయకు వేగం అప్పగించి తాను నిదానిస్తుంది. న్యూట్రాన్‌ను నిదానింపజేయడానికీ అలాంటి తేలికపాటి కేంద్రకమే కావాలి. మామూలు నీళ్లలోని హైడ్రోజన్ ఆ పని బాగా చేస్తుంది కానీ, మధ్యమధ్య న్యూట్రాన్‌ను తనలో కలిపేసుకుంటుంది. 0.7 శాతంతో నెట్టుకొస్తున్న చోట ఆ నష్టాన్ని భరించలేం. హైడ్రోజన్‌కు అన్నలాంటి డ్యుటీరియంలో అప్పటికే ఒక న్యూట్రాన్ ఉంటుంది కాబట్టి అది మరొకదాన్ని సాధారణంగా తీసుకోదు. డ్యుటీరియంతో కూడిన నీరే భారజలం.

కాబట్టి నీళ్లతో న్యూట్రాన్లను నిదానింపజేయాలంటే రెండు దారులు మిగిలాయి. యురేనియంలో 235 శాతాన్ని పెంచి మామూలు నీళ్లు వాడటం ఒకటి. సహజ యురేనియాన్ని ఉన్నదున్నట్టు వాడి భారజలం చేసుకోవడం రెండోది. మొదటి దారికి కావలసిన కర్మాగారాలు అప్పట్లో అగ్రరాజ్యాల చేతుల్లోనే ఉన్నాయి. మన అణు కార్యక్రమానికి నాయకుడైన హోమీ భాభా రెండో దారి పట్టారు. ఆయన చూపు ఇంకా ముందుంది. మొదటి దశలో వాడిన యురేనియం నుంచి ప్లుటోనియం తీసి రెండో దశ రియాక్టర్లు నడపాలి. వాటి సాయంతో మూడో దశలో మన తీరప్రాంతపు ఇసుకలో దొరికే థోరియాన్ని ఇంధనంగా మార్చాలి. థోరియం ఉండే మోనజైట్ నిల్వలు దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్ తీరంలోనే. ఆ మూడో దశ ఇంకా చాలా దూరంలోనే ఉంది.

భాభా బృందంలో మరో గోదావరి జిల్లా మనిషి ఉన్నారు. మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు బెనారస్‌లో చదివి, స్టాన్‌ఫర్డ్ వెళ్లొచ్చి, బొంబాయిలో భాభాతో చేరారు. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో ఆసియాలోనే తొలి రియాక్టర్ అప్సర పని మొదలుపెట్టినప్పుడు దాని నియంత్రణ వ్యవస్థను తయారు చేసింది ఆయన బృందమే. ఇంధనం మాత్రం బ్రిటన్ ఇచ్చింది. రియాక్టర్‌లో నియంత్రణ అంటే క్షణక్షణం న్యూట్రాన్లను లెక్కపెట్టడం, లెక్క మించితే వాటిని మింగే కడ్డీలను లోపలికి దించడం. ఆ పరికరాలు ప్రతిదీ విదేశం నుంచి తెచ్చుకుంటే రేపు ఎవరో ఒకరు ఇవ్వబోమంటారని సాంబశివరావుకు తెలుసు. 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్ ఆ ఆలోచనకు రూపం. ఊరి చివర రాళ్లూ తుప్పలూ ఉన్న నేల మీద మొదలైన సంస్థ చుట్టూ ఇవాళ లక్షలమంది కాపురం ఉంటున్నారు. ఏ.ఎస్.రావు నగర్‌లో ఇల్లు వెతుక్కునే కుర్రవాళ్లలో ఎంతమందికి ఆ పేరు ఎవరిదో తెలుసో!

నాలుగేళ్ల తర్వాత, 1971లో, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వచ్చింది. 1974లో అణు ఖనిజాలను వెతికే కేంద్ర సంస్థ ప్రధాన కార్యాలయం కూడా ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు మారింది. ఖనిజం జాడ తీసేవాళ్లు, ఇంధనం చేసేవాళ్లు, పరికరాలు చేసేవాళ్లు ఒకే నగరంలోకి చేరారు.

ఆ 1974లోనే పరీక్ష ఎదురైంది. రాజస్థాన్‌లో మొదటి భారజల రియాక్టర్‌ను కెనడా నమూనాతో, కెనడా సాయంతో కట్టి అంతకు కొద్ది నెలల ముందే నడకలో పెట్టారు. రెండోది కడుతున్నారు. మే 18న పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిగింది. అందులో వాడిన ప్లుటోనియం కెనడా ఇచ్చిన సైరస్ పరిశోధన రియాక్టర్‌లో తయారైనది. కెనడా తన ఇంజనీర్లను, డ్రాయింగులను, సామగ్రిని వెనక్కి తీసుకుంది. అణువిద్యుత్తుకూ అణ్వస్త్రానికీ ఉన్న బంధుత్వాన్ని కప్పిపెట్టి ఏ చరిత్రా రాయలేం; ఈ ఇంధనానికి ఉన్న తొలి లోపం అదే. రెండో రియాక్టర్ పూర్తయ్యేసరికి 1981 వచ్చింది. ఆ ఏడేళ్లలో దేశం నేర్చుకున్న చాలా పనులు మౌలాలి షెడ్లలో జరిగాయి.

ఆ పనుల్లో ఒకదాన్ని దగ్గరగా చూడాలి. ఝార్ఖండ్‌లోని జాదుగూడ నుంచి పసుపు రంగు ముద్దగా వచ్చే యురేనియాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, మలినాలు తీసి, నల్లటి ఆక్సైడ్ పొడిగా మారుస్తారు. దాన్ని సెంటీమీటరున్నర మందం ఉండే బిళ్లలుగా నొక్కి, హైడ్రోజన్ నిండిన కొలిమిలో 1700 డిగ్రీల దాకా కాలుస్తారు. కాలిన బిళ్ల గట్టి పింగాణీలా మారుతుంది. ఇక ఆ బిళ్లలు పేర్చే గొట్టం. న్యూట్రాన్లను మింగకుండా, వందల డిగ్రీల వేడినీళ్లలో తుప్పు పట్టకుండా నిలబడే లోహం జిర్కోనియం. అది కేరళ, తమిళనాడు, ఒడిశా తీరాల ఇసుకలోని జిర్కాన్ నుంచి వస్తుంది. కానీ జిర్కోనియం ఎక్కడుంటే అక్కడ హఫ్నియం అంటుకుని ఉంటుంది. రసాయనికంగా ఇద్దరూ కవలలు. న్యూట్రాన్ల విషయంలో మాత్రం పూర్తిగా విరుద్ధం, హఫ్నియం వాటిని దొరికినవి దొరికినట్టు మింగేస్తుంది. రెండింటినీ విడదీయడం లోహశాస్త్రంలో మొండి సమస్యల్లో ఒకటి. ఇసుక నుంచి గొట్టం దాకా, పసుపు ముద్ద నుంచి బిళ్ల దాకా రెండు దారులూ ఒకే ప్రాంగణంలో మొదలై చివరికి బండిల్‌లో కలిసే చోటు ప్రపంచంలో చాలా అరుదు. ఆ వెల్డింగుల్లో ఒక్కటి వదులైనా రియాక్టర్ నీళ్లలోకి రేడియోధార్మిక పదార్థం కారుతుంది.

భారజలం కథ ఇంకా ఇబ్బందిగా నడిచింది. ఒక రియాక్టర్‌కు అది వందల టన్నుల్లో కావాలి. బరోడాలో కట్టిన కర్మాగారంలో 1977లో పేలుడు జరిగింది. మిగతావి ఆలస్యమయ్యాయి. అవసరం తీరక సోవియట్ యూనియన్ నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఈ కొరత తీర్చిన వాటిలో పెద్దది 1991లో అప్పటి ఖమ్మం జిల్లా మణుగూరు దగ్గర అశ్వాపురంలో నడక మొదలుపెట్టిన కర్మాగారం. ఏడాదికి 185 టన్నులు దాని సామర్థ్యం. అక్కడే కట్టడానికి కారణాలు స్పష్టం: పక్కన గోదావరి నీళ్లు, చేరువలో సింగరేణి బొగ్గు.

మామూలు నీళ్లలో ఆరున్నర వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పున డ్యుటీరియం ఉంటుంది. దాన్ని ఏరడానికి నీళ్లను ఎత్తయిన స్తంభాల్లో పైనుంచి కిందికి జారవిడుస్తూ, కిందినుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పైకి పంపుతారు. చల్లగా ఉన్నప్పుడు డ్యుటీరియం వాయువును వదిలి నీళ్లలోకి చేరుతుంది. వేడిగా ఉన్నప్పుడు నీళ్లను వదిలి వాయువులోకి పోతుంది. ఈ చలి, వేడిల మధ్య అదే పనిగా తిప్పితిప్పి అంచెలంచెలుగా చిక్కపరుస్తారు. ఒక్క కిలో భారజలానికి పదుల టన్నుల గోదావరి నీళ్లు ఆ స్తంభాల గుండా వెళ్లాలి. కుళ్లిన గుడ్ల వాసన వేసే ఆ వాయువు మోతాదు పెరిగితే ప్రాణం తీస్తుంది. ఇంకా ప్రమాదమేమిటంటే, మోతాదు బాగా పెరిగినప్పుడు ముక్కు దాని వాసన పసిగట్టడం మానేస్తుంది. అందుకే చుట్టుపక్కల గ్రామాలతో కలిసి అత్యవసర కసరత్తులు చేయడం అక్కడి పనిలో భాగం. నీళ్లనూ వాయువునూ ఇలా తిప్పడానికి ఆవిరి, కరెంటు విపరీతంగా కావాలి. అవి వచ్చేది కర్మాగారపు సొంత బొగ్గు కేంద్రం నుంచి. పొగ లేని విద్యుత్తు వెనుక కూడా కొంత సింగరేణి పొగ ఉందని లెక్కల్లో చూపించాలి. చూపించినా అణువిద్యుత్తు నెగ్గుతుంది. గని నుంచి వ్యర్థాల దాకా అన్నీ కలిపి చూసిన వాతావరణ మార్పుల అంతర్జాతీయ సంఘం అంచనాలో యూనిట్‌కు వెలువడే కర్బన వాయువులు అణువిద్యుత్తుకు సుమారు 12 గ్రాములు, బొగ్గుకు 820 గ్రాములు.

మేలు గురించి మాట్లాడాలంటే మళ్లీ బండిల్ దగ్గరికే రావాలి. ఒక్క బండిల్ తన జీవితకాలంలో ఇచ్చే వేడితో దాదాపు ఆరు లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. అదే కరెంటుకు మన బొగ్గు నాలుగు వందల టన్నుల దాకా కాల్చాలి. గూడ్సు బండిలో అది ఆరేడు వ్యాగన్లు. 220 మెగావాట్ల రియాక్టర్‌లో 306 అడ్డగొట్టాలు, ఒక్కోదానిలో 12 బండిళ్లు. రోజుకు సగటున ఎనిమిదో తొమ్మిదో మార్చాలి. ఈ తరహా రియాక్టర్‌కు ఉన్న పెద్ద సుగుణం, ఆపకుండానే ఇంధనం మార్చగలగడం. రెండు యంత్రాలు గొట్టానికి రెండు చివరలా తగులుకుని, ఒకటి కొత్త బండిల్‌ను తోస్తే మరొకటి వాడిన బండిల్‌ను అందుకుంటుంది. కైగాలోని మొదటి రియాక్టర్ 2016 మే నుంచి 2018 డిసెంబరు 31 దాకా 962 రోజులు ఒక్కసారీ ఆగకుండా నడిచి అప్పటికి ప్రపంచ రికార్డు సాధించింది. ఆ రోజుల్లో అది తిన్న ప్రతి బండిలూ హైదరాబాద్‌లో తయారైనదే. గాలి ఆగినా, మబ్బు పట్టినా, రాత్రయినా ఆగని కరెంటు అది. కైగా, కల్పాక్కం కరెంటులో రెండు తెలుగు రాష్ట్రాలకూ వాటా వస్తోంది.

అయినా దేశంలో వాడే విద్యుత్తులో అణువిద్యుత్తు వాటా ఇవాళ్టికీ మూడు శాతం దగ్గరే ఉంది. కాక్రాపార్‌లో 700 మెగావాట్ల మొదటి రియాక్టర్‌కు 2010లో కాంక్రీటు పోయడం మొదలైతే, వాణిజ్యపరంగా నడక మొదలయ్యేసరికి 2023 అయింది. అంత కాలం పెట్టుబడి మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఇదీ చిన్న లోపం కాదు.

ప్రమాదం మాటకొస్తే అందరూ చెర్నోబిల్, ఫుకుషిమా పేర్లే తలుస్తారు. మన అనుభవం నరోరా. 1993 మార్చి 31 తెల్లవారుజామున అక్కడి టర్బైన్‌లో రెండు బ్లేడ్లు విరిగాయి. ఆ అదురుకు జనరేటర్‌ను చల్లబరిచే హైడ్రోజన్ బయటికి వచ్చి అంటుకుంది. మంటలు కేబుళ్ల వెంట పాకి, ప్రధాన సరఫరాతోపాటు అత్యవసర సరఫరా తీగలు కూడా కాలిపోయాయి. కేంద్రం మొత్తం గంటల తరబడి చీకట్లో ఉండిపోయింది. రియాక్టర్‌ను ఆపినంత మాత్రాన పని అయిపోదు. గొలుసు చర్య నిలిచిన మరుక్షణం కూడా అందులో పూర్తి వేడిలో ఆరేడు శాతం పుడుతూనే ఉంటుంది. చీలిన ముక్కలు తమంతట తాము క్షీణిస్తూ ఆ వేడిని ఇస్తాయి. దాన్ని తీసేయకపోతే ఇంధనం కరుగుతుంది. పద్దెనిమిదేళ్ల తర్వాత ఫుకుషిమాలో జరిగింది అదే. నరోరాలో ఉద్యోగులు పొగలో, టార్చిలైట్ల వెలుగులో తడుముకుంటూ వెళ్లి న్యూట్రాన్లను మింగే బోరాన్ ద్రావణాన్ని చేత్తో తెరిచి లోపలికి వదిలారు. డీజిల్‌తో నడిచే అగ్నిమాపక పంపులతో ఆవిరి బాయిలర్లకు నీళ్లు పెట్టారు. రేడియేషన్ బయటికి రాలేదు. ఆ రాత్రి పనిచేసినవాళ్లకు దేశం ఉన్నంతకాలం రుణపడి ఉంటుంది. అలా మనుషుల తెగువ మీద ఆధారపడాల్సి రావడమే ఆ రూపకల్పనలోని తప్పు. తర్వాత కేబుళ్ల దారులు వేరుచేశారు, బ్లేడ్లు మార్చారు.

ఇంతవరకు చెప్పిన ప్రమాదాలు జరిగితే జరిగేవి. ప్రమాదమేదీ లేకపోయినా రోజూ పడే బరువు గనుల దగ్గర ఉంది.

పోఖ్రాన్ తర్వాత విదేశాల సహజ యురేనియం ఆగిపోవడంతో దేశంలోని భారజల రియాక్టర్లు ఝార్ఖండ్ గనుల మీదే బతికాయి. 2007-08 నాటికి ఇంధనం చాలక రియాక్టర్లను సగం సామర్థ్యంతో నడపాల్సి వచ్చింది. 2008 సెప్టెంబరులో అణు సరఫరాదారుల బృందం మినహాయింపు ఇచ్చాక దిగుమతులు మొదలయ్యాయి కానీ, ఆ యురేనియం అంతర్జాతీయ తనిఖీకి ఒప్పుకున్న రియాక్టర్లకే. కైగా, కల్పాక్కం లాంటి వాటికి సొంత గనుల ఖనిజమే దిక్కు. అందుకే చూపు తెలుగు నేల మీద పడింది.

మొదట నల్లగొండ. నాగార్జునసాగర్ జలాశయానికి చేరువలో లంబాపూర్, పెద్దగట్టు దగ్గర గనులు తవ్వాలన్న ప్రతిపాదన మీద 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. హైదరాబాద్‌కు తాగునీరు వెళ్లే నీటి పక్కన యురేనియం తవ్వకమా అని జనం తిరగబడ్డారు. ఆ గనులు ఇప్పటికీ తెరుచుకోలేదు. హైదరాబాద్ తాగే నీళ్ల మాట వచ్చేసరికి ఆ అభ్యంతరానికి బలం వచ్చింది.

తుమ్మలపల్లెకు ఆ బలం లేదు. కడప జిల్లా వేముల మండలంలోని ఆ ఊరి కింద డోలమైట్ సున్నపురాయిలో యురేనియం ఉందని ఎప్పుడో తెలుసు. సున్నపురాయిలో ఆమ్లం పోస్తే ఆమ్లమంతా రాయికే ఖర్చయిపోతుంది కాబట్టి గిట్టుబాటు కాదని వదిలేశారు. ఒత్తిడిలో, సోడా క్షారాలతో కరిగించే పద్ధతి కుదిరాక 2007 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి చేతుల మీదుగా శంకుస్థాపన జరిగింది. 2011లో అక్కడ 49 వేల టన్నుల నిల్వ నిర్ధారణ అయిందని, అది మూడింతలు కావచ్చని అణుశక్తి సంఘం అధిపతి ప్రకటిస్తే ప్రపంచంలోనే పెద్ద నిల్వల్లో ఒకటని పత్రికలు రాశాయి. 2012లో గని, రోజుకు మూడు వేల టన్నుల రాయి పట్టే మిల్లు పని ప్రారంభించాయి.

పెద్ద నిల్వే కానీ పలుచని ఖనిజం. టన్ను రాయిలో యురేనియం నాలుగు వందల గ్రాములకు అటూ ఇటూ. ఒక బండిల్‌కు కావలసిన పదమూడు కిలోల పైచిలుకు యురేనియం తీయాలంటే నలభై టన్నులకు తక్కువ కాకుండా రాయిని తవ్వి, పిండి చేసి, కరిగించాలి. నాలుగు వందల టన్నుల బొగ్గుతో, అది వదిలే బూడిద గుట్టతో పోలిస్తే ఇది తక్కువే. కానీ తీసిన యురేనియం హైదరాబాద్ వెళ్లిపోతుంది, ఆ నలభై టన్నుల బురద ఊరి దగ్గరే ఉండిపోతుంది. ఖనిజంలోని రేడియోధార్మికతలో ఎక్కువ భాగం ఉండేది ఆ బురదలోనే. యురేనియం కొండలో ఉన్నన్నాళ్లూ దాని నుంచి పుట్టిన రేడియం దానితోనే ఉంటుంది. మిల్లు యురేనియాన్ని తీసుకుని రేడియాన్ని వదిలేస్తుంది. రేడియం సగానికి తగ్గడానికి 1600 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు కట్ట తెగకుండా, అడుగు కారకుండా ఉంచవలసిన చెరువును ఊళ్లో టెయిలింగ్ పాండ్ అంటారు.

చుట్టుపక్కల కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె రైతులు అరటి, చీనీ పండిస్తారు. వందల అడుగుల లోతు బోర్లే వాళ్ల ఆధారం. పాండ్ నింపడం మొదలైన కొన్నేళ్లకే బోరు నీళ్లు మారిపోయాయని, తోటలు ఎండుతున్నాయని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని వాళ్లు ఫిర్యాదు చేశారు. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పరిశీలనకు వచ్చి, పాండ్ అడుగున నియమాల ప్రకారం ఉండవలసిన పొర వేయలేదని నోటీసు ఇచ్చింది. యురేనియం కార్పొరేషన్ మాత్రం కాలుష్యం తమ వల్ల కాదని చెబుతూ వచ్చింది. ఆ రాళ్లలో సహజంగానే యురేనియం ఉంది కాబట్టి నీళ్లలోనూ కొంత ఉంటుందన్నది నిజమే. అంతమాత్రాన సమాధానం అయిపోదు. గని తెరవకముందు ప్రతి బోరులో ఏముందో, తర్వాత ప్రతి ఏటా ఏముందో కొలిచి, ఆ కాగితాన్ని తెలుగులో పంచాయతీ గోడకు అంటిస్తే ఈ వివాదం సగం తీరిపోతుంది. రియాక్టర్‌లో న్యూట్రాన్లను క్షణక్షణం లెక్కపెట్టగలిగిన వ్యవస్థకు రైతు బోరులో ఉప్పు లెక్కపెట్టడం చేతకాని పని కాదు.

తుమ్మలపల్లె అనుభవమే నల్లమలలో మాట్లాడింది. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్రంలోని అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుందన్న వార్త రాగానే చెంచు పెంటల నుంచి హైదరాబాద్ కళాశాలల దాకా కదిలాయి. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానించింది. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో బోర్లు వేస్తారని తెలిసి చుట్టుపక్కల పల్లెలు రోడ్డెక్కాయి. వీళ్లలో ఎవరూ కరెంటు వద్దన్నవాళ్లు కారు. కడప పల్లెల్లో ఏం జరిగిందో చూసి అడుగుతున్నవాళ్లు.

2025 కేంద్ర బడ్జెట్ 2047 నాటికి లక్ష మెగావాట్ల అణువిద్యుత్తు లక్ష్యంగా పెట్టింది. ఇవాళ ఉన్నది అందులో పదో వంతుకూ తక్కువ. బొగ్గు తగ్గించాలంటే, ఎండా గాలీ లేని వేళ కూడా దీపం వెలగాలంటే అణువిద్యుత్తు పెరగక తప్పదన్న వాదనలో బలం ఉంది. ఆ లెక్కలో శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ పేరు కూడా ఉంది. అక్కడ అమెరికాకు చెందిన వెస్టింగ్‌హౌస్ నమూనాలో 1208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు కట్టాలని ప్రతిపాదన. అంతకుముందు వేరే అమెరికా సంస్థ నమూనా అనుకున్నారు, అది మారింది. భూసేకరణ, పరిహారం, పునరావాసం మాటల మధ్య ఆ మత్స్యకార గ్రామాలు ఏళ్ల తరబడి ఎటూ తేలకుండా ఉన్నాయి. కట్టబోయే ఇంటికి పునాది తీయాలా వద్దా అన్నది కూడా అక్కడివాళ్లకు తెలియని రోజులు గడుస్తున్నాయి.

కొవ్వాడలో కట్టదలచిన రియాక్టర్ మామూలు నీళ్లతో, యురేనియం-235 శాతం పెంచిన ఇంధనంతో నడిచేది. దానికి అశ్వాపురం భారజలం అక్కర్లేదు. తుమ్మలపల్లె ఖనిజాన్ని ఉన్నదున్నట్టు వాడే పందొమ్మిది గొట్టాల బండిలూ దానికి సరిపోదు.